లయ తప్పిన గుండె, పేరు తప్పిన జబ్బు

పత్రిక తెరిస్తే తరచుగా కంటబడే వాక్యం ఒకటున్నది: "గుండెపోటుతో కుప్పకూలి మృతి". వ్యాయామశాలలో బరువులెత్తుతున్న యువకుడు, పెళ్లిపందిట్లో ఆడిపాడుతున్న పిల్లవాడు, బస్సు నడుపుతూ స్టీరింగుపై వాలిపోయిన డ్రైవరు, నిద్రలోనే వెళ్లిపోయిన ముసలమ్మ, అందరికీ అదే మాట. విలేఖరికి అది శీర్షికలో ఇమిడే మాట. వైద్యుని దృష్టిలో ఆ నలుగురివీ నాలుగు వేర్వేరు జబ్బులు కావచ్చు.

ముప్ఫయ్యేళ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి బతికినవాణ్ణి. శబ్దార్థాల విషయంలో నాకు కొంత చాదస్తం ఉన్నదని మా యింట్లోవాళ్లే అంటారు. అయినా ఈ ఒక్క సంగతిలో అది చాదస్తం కాదని నా నమ్మకం. గుండె లయ తప్పే జబ్బులకు గడచిన పదేళ్లలో ఆశ్చర్యం గొలిపే చికిత్సలు వచ్చాయి. వాటిలో చాలామటుకు మన హైదరాబాదుకూ వచ్చాయి. ఆ జబ్బుల పేర్లు మాత్రం మన వీధుల్లోకి రాలేదు. తనకున్నదేమిటో తెలియని రోగి సరియైన గుమ్మం తొక్కడు. తొక్కినా, వైద్యుడు చెప్పింది ఒకటైతే తాను విన్నది మరొకటై తిరిగివస్తాడు.

గుండెను ఒక ఇల్లనుకుంటే అందులో నీటి గొట్టాలూ ఉన్నాయి, కరెంటు తీగెలూ ఉన్నాయి. గుండె కండకు నెత్తురందించే ధమనుల్లో పూడిక పేరుకొని, ఒకచోట హఠాత్తుగా దారి మూసుకుపోతే ఆ మేరకు కండ చచ్చిపోతుంది. అది గుండెపోటు. పోటు అంటే పొడిచినట్లుండే నొప్పి గనుక ఆ మాట అక్కడ సార్థకమే. తీగెల జబ్బు వేరు. కుడి కర్ణిక పైభాగాన ఉండే చిన్న కణజాలపు ముద్ద ఒకటి, ఎవరూ పురమాయించకుండానే, నిమిషానికి అరవై నుంచి నూరు మార్లు విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తుంది. దానిని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు వర్ణించారు. అంతకు ముందటి యేడే, 1906లో, జర్మనీలో పనిచేస్తూ ఉండిన జపాను వైద్యుడు సునావో తవారా కర్ణికలకూ జఠరికలకూ నడుమనున్న రెండవ కణుపును వివరించాడు. మొదటి దానిలో పుట్టిన సంకేతం కర్ణికలంతటా పాకి, రెండవ కణుపు దగ్గర రెప్పపాటు కన్న తక్కువ కాలం ఆగి, సన్నని తంతువుల దారిన జఠరికలకు చేరుతుంది. కర్ణికలు తమ నెత్తురును కిందికి దింపేదాకా జఠరికలు ఓపిక పట్టాలి గదా, ఆ ఆగడం అందుకోసం. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం. గుండె పాటించేది ఆ యతినే. (తెలుగువాళ్లం యతిని అక్షరమైత్రిగా మార్చుకున్నాం. అది వేరే పెద్ద కథ.)

ఈ ఏర్పాటులో ఎక్కడ తేడా వచ్చినా లయ తప్పుతుంది. సంకేతం పుట్టకపోయినా, పుట్టి నడుమ తెగిపోయినా గుండె మందగిస్తుంది. మనిషికి కళ్లు తిరుగుతాయి, స్పృహ పోతుంది. తంతువుల్లో అడ్డదారి ఒకటి ఏర్పడి సంకేతం గానుగెద్దులా అక్కడక్కడే తిరిగితే గుండె నిమిషానికి నూట ఎనభై, రెండు వందల మార్లు కొట్టుకుంటుంది. కర్ణికల్లో అరాచకం పుడితే అవి ముడుచుకోవడం మాని రెపరెపలాడతాయి. అక్కడ నెత్తురు నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ఇక జఠరికల్లోనే ఆ అరాచకం పుడితే గుండె వణుకుతుందే గాని నెత్తురును తోయదు. నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. గుండెపోటు వచ్చినవాడిలో ఈ వణుకు పుట్టవచ్చు. గుండెపోటు లేకుండానే పుట్టవచ్చు కూడా. రెండింటినీ ఒకే మాటలో కుక్కడం వల్ల వచ్చిన చిక్కు ఇదే.

చిత్రమేమిటంటే, ఈ తేడాలన్నీ జనం నోట ఎప్పటి నుంచో ఉన్నాయి. గుండె దడదడలాడింది అంటాం. ఝల్లుమన్నది అంటాం. గుభేలుమన్నది అంటాం. ఈ మూడూ ఒకటి కావు. దడ అంటే వేగం. గుభేలు అంటే ఒక దెబ్బ తప్పి, ఆ తరువాతి దెబ్బ బలంగా పడటం. నడుమ అకాలంలో ఒక స్పందన వచ్చి, దాని వెనుక కాస్త ఖాళీ వచ్చి, ఆపై గుండె నిండుగా కొట్టుకున్నప్పుడు మనిషికి తెలిసేది అదే. ధ్వన్యనుకరణ పదాల్లో మన భాషకున్న సంపద సామాన్యమైనది కాదు. వైద్యుడు "పాల్పిటేషన్ ఉందా?" అని అడిగే బదులు "దడగా ఉంటుందా, గుభేలుమంటుందా, రెపరెపలాడినట్లుంటుందా?" అని అడిగితే చదువురాని ముసలమ్మ కూడా సగం రోగనిర్ణయం తానే చేసిపెడుతుంది.

పాత వైద్యులకు ఈ సంగతి తెలుసు. శార్ఙ్గధర సంహితలో నాడి నడకలను జలగతో, పాముతో, కప్పతో, హంసతో పోల్చి చెప్పారు. ఆగి ఆగి నడిచే నాడి ప్రాణం తీసేదని హెచ్చరించారు. మన ఆంధ్రదేశంలో పుట్టిన బసవరాజీయం నాడీ పరీక్షతోనే మొదలవుతుంది. ఆ వర్ణనలను నేటి ఈసీజీతో ముడిపెట్టి "అన్నీ మనవాళ్లే చెప్పారు" అనే వారితో నాకు పేచీ ఉన్నది. వారికి తంతువులూ తెలియవు, విద్యుత్తూ తెలియదు. కాని వేలి కొసకు తగిలిన తేడాను మాటలో పట్టుకోవాలన్న పట్టుదల వారికున్నది. మనకు పోయింది అదే.

మూడేళ్ల కిందటి మాట. నాతో కలిసి పనిచేసి రిటైరైన సాంఘికశాస్త్రం మాస్టారొకరు బడీచౌడీలో కూరగాయలు కొంటూ ఉన్నట్టుండి పడిపోయారు. నిమిషంలో లేచి కూర్చున్నారు. "ఎండకు కళ్లు తిరిగాయండీ పండితులవారూ" అన్నారు నాతో. మళ్లీ నెలకు మరోసారి. చేతులు కొద్దిగా కొట్టుకున్నాయని చూసినవారెవరో చెప్పగా, ఒక ఆసుపత్రిలో మూర్ఛ అని మాత్రలిచ్చారు. ఎనిమిది నెలలు మింగారు. మెదడుకు నెత్తురందక స్పృహ తప్పినప్పుడు కూడా చేతులు కొట్టుకుంటాయన్న సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు. చివరకు మరొక చోట ఈసీజీ తీసి, ఒక యువ వైద్యుడు "కంప్లీట్ బ్లాక్ ఉంది సార్, పేస్‌మేకర్ వేయాలి" అన్నాడట.

మాస్టారు ఇంటికొచ్చి కోపంతో ఊగిపోయారు. "యాంజియోగ్రాం తీయకుండానే కంప్లీట్ బ్లాకు అని ఎట్లా చెప్తాడండీ? ఇదంతా డబ్బు గుంజే యెత్తు" అని. ఆయనకు తెలిసిన బ్లాకు ఒక్కటే, ధమనిలో పూడిక. మన జనమంతా "గుండెలో రెండు బ్లాకులున్నాయట, స్టెంట్ వేశారట" అనుకుంటూనే ఉంటారు గదా. చుట్టాలు వెల్లుల్లి తినమన్నారు, నూనె మానమన్నారు. ఆయన ఇంకో చోటికి పోయి పట్టుబట్టి యాంజియోగ్రాం తీయించుకున్నారు. ధమనులు శుభ్రంగా ఉన్నాయి. "చూశారా, ఒక్క బ్లాకూ లేదు!" అని సంబరపడ్డారు. ఆ సంబరం మూడు వారాలు నిలిచింది. స్నానాల గదిలో పడి తుంటి విరిగింది.

ఆ తరువాత ఆయనతో పాటు నేనూ వెళ్లాను. అక్కడి వైద్యురాలు కాగితం తీసుకొని గుండె బొమ్మ గీసి, "మాస్టారూ, మీ గుండెలో పైపులు బాగున్నాయి. వైరు తెగింది. పైనుంచి కరెంటు కిందికి రావట్లేదు. పేస్‌మేకరు ఆ కరెంటు ఇస్తుంది" అన్నది. అంతే. రెండు నిమిషాలు పట్టిందేమో. ఆయన మారుమాట లేకుండా సంతకం పెట్టారు. సంతకం పెట్టిన కాగితం నాలుగు పుటలు, అంతా ఇంగ్లీషే. అది నేను చదివి ఆయనకు తెలుగులో చెప్పవలసివచ్చింది. మాస్టారు ఇంగ్లీషు రానివారు కారు. ఆ ఇంగ్లీషు ఎవరికీ రాదు, అంతే.

బ్లాకు అన్న ఒక్క మాట రెండు జబ్బులకు చెల్లుబాటవుతున్నందువల్ల ఒక మనిషి తుంటి ఎముక విరిగింది. ఆయన అదృష్టవంతుడు. సంపూర్ణంగా తీగె తెగిన గుండె ఒక్కోసారి మూడు వారాల గడువు కూడా ఇవ్వదు.

ఈ నాడి మాట, లయ మాట తలచుకున్నప్పుడల్లా నాకు మా సుల్తాన్ బజారు చరిత్రలోని ఒక ఘట్టం గుర్తుకు వస్తుంది. నేను చిక్కడపల్లి నుంచి కోఠికి పుస్తకాల కోసం వెళ్తుంటాను. మహిళా కళాశాలగా పేరుపడిన ఆ పెద్ద స్తంభాల మేడ ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అన్నది అందరికీ తెలుసు. ఆ రెసిడెన్సీకి సర్జనుగా, హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా ఎడ్వర్డ్ లారీ అనే ఆయన ఉండేవాడు. క్లోరోఫాం ఇచ్చి శస్త్రచికిత్స చేసే కాలమది. కొందరు రోగులు బల్ల మీదనే హఠాత్తుగా చచ్చిపోయేవారు. 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి చనిపోయిన నాటి నుంచీ వైద్యలోకంలో ఒకటే వాదం: క్లోరోఫాం ముందుగా శ్వాసను ఆపుతుందా, గుండెను ఆపుతుందా?

లారీ శ్వాస పక్షం. దానిని నిరూపించడానికి 1888లో హైదరాబాదులో ఒక కమిషను ఏర్పడింది. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. 1889లో రెండవ కమిషను కూర్చున్నది. లాన్సెట్ తరఫున లండను నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు, ఖర్చు నిజాం ప్రభుత్వం భరించింది. నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు జరిగాయి. తేలినది, లేదా తేలిందని వారు ప్రకటించినది, ఇది: శ్వాసే ముందు ఆగుతుంది, గుండె తరువాత. కనుక మత్తు ఇచ్చేవారు రోగి ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలి, నాడి పట్టుకొని కూర్చోవడం దండుగ. బ్రంటన్ కూడా ఆ పక్షానికే మొగ్గాడు. ప్రపంచమంతా "హైదరాబాదు క్లోరోఫాం కమిషను" అని మన ఊరి పేరు చెప్పుకున్నది. (ఆ రోజుల్లోనే ఇక్కడి వైద్య పాఠశాలలో చదివి, 1889 నుంచి ఈ ఊరి ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరు. ఆమె పేరు ఈ ఊళ్లో ఎందరికి తెలుసు?)

సరిగ్గా అదే 1889లో స్కాట్లండులోని అబర్డీనులో మాక్‌విలియం అనే శాస్త్రజ్ఞుడు, మనుషుల్లో హఠాన్మరణాలకు జఠరికల వణుకే కారణం కావచ్చునని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆగిన గుండెను లయబద్ధమైన విద్యుత్ తాకిడితో నడిపించవచ్చునని కూడా అదే యేడు రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1911 నుంచి గుడ్‌మన్ లీవీ పిల్లులపై చేసిన ప్రయోగాలతో అసలు సంగతి బయటపడ్డది. క్లోరోఫాం ఎక్కువైనప్పుడు కాక, తక్కువగా ఉన్నప్పుడు, రోగి సగం మెలకువలో బెదిరినప్పుడు, జఠరికలు వణికి గుండె నిలిచిపోతుంది. అది లయ జబ్బు. శ్వాసను చూస్తూ కూర్చున్నవారికి అది కనబడదు.

లారీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఊపిరిని కనిపెట్టుకుని ఉండమన్నది మంచి సలహాయే, దానివల్ల ఎందరో బతికి ఉంటారు. అయితే "ఒక్కటే కారణం" అన్న పంతం రెండవ కారణం వైపు చూడనివ్వలేదు. నాడు మన ఊళ్లో శ్వాస అన్న ఒక్క మాటతో హఠాన్మరణాలన్నింటినీ సరిపెట్టారు. నేడు అదే ఊళ్లో గుండెపోటు అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాం.

ఇక కొత్త చికిత్సల మాట. శరీరంలో అమర్చే పేస్‌మేకరును మొదటిసారి 1958 అక్టోబరు 8న స్వీడనులో ఆర్నె లార్సన్ అనే రోగికి పెట్టారు. తయారుచేసినవాడు రూనె ఎల్మ్‌క్విస్ట్, అమర్చినవాడు ఓకె సెనింగ్. ఆ తొలి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం ఒకటి తరువాత ఒకటిగా ఇరవై ఆరు పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా, ఎనభై ఆరేళ్లు బతికాడు. తయారుచేసినవాడూ అమర్చినవాడూ ఇద్దరూ ఆయన కన్న ముందే పోయారు. ప్రాణాంతకమైన వణుకును తానే గుర్తించి షాకిచ్చే యంత్రం మిషెల్ మిరోవ్‌స్కీ పట్టుదలతో వచ్చింది. దానిని మనిషికి మొదట అమర్చినది 1980లో, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో.

ఇటీవలి మార్పులు ఇంకా విడ్డూరమైనవి. రొమ్ముపై చర్మం కింద డబ్బీ, దాని నుంచి గుండెలోకి తీగెలు ఉండటం పాత పద్ధతి. ఏళ్లు గడిచేకొద్దీ చెడేది తరచుగా ఆ తీగెలే. 2016లో అమెరికాలో అనుమతి పొందిన మైక్రా అనే పేస్‌మేకరుకు తీగెలే లేవు. రెండు గ్రాముల బరువుతో మందుగొట్టమంత ఉంటుంది. తొడ సిర గుండా తీసుకెళ్లి జఠరికలోనే దిగవిడుస్తారు. 2023లో అనుమతి వచ్చిన మరొక రకంలో కర్ణికలో ఒకటి, జఠరికలో ఒకటి ఉండి, ప్రతి స్పందనకూ ఒకదానితో ఒకటి కబురాడుకుంటాయి. అసలు గుండె సొంత తంతువులనే పట్టుకొని వాటి ద్వారానే సంకేతం పంపడం మరో దారి. దీనికి 2000లో బాట వేసినవాడు అమెరికాలో పనిచేసిన ప్రమోద్ దేశ్‌ముఖ్. 2025 ఏప్రిల్‌లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వారు బియ్యపుగింజ కన్న చిన్నదైన, పని అయ్యాక ఒంట్లోనే కరిగిపోయే తాత్కాలిక పేస్‌మేకరును చూపించారు. అది ఇంకా జంతువుల దశలోనే ఉన్నది. శస్త్రచికిత్స తరువాత పెట్టే తాత్కాలికపు తీగెలను లాగేటప్పుడు నెత్తురు కారే ప్రమాదముంటుంది. చంద్రునిపై కాలు మోపిన ఆర్మ్‌స్ట్రాంగ్ 2012లో పోయింది ఆ ప్రమాదం వల్లనే. అది తప్పించాలని వారి ప్రయత్నం.

వేగపు జబ్బులకు తంతువుల్లోని తప్పుదారిని కనిపెట్టి కాల్చివేసే అబ్లేషన్ ఉన్నది. కర్ణికల రెపరెపకు పుట్టిల్లు తరచుగా ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల మొదళ్లలో ఉంటుందని 1998లో బోర్డోలో హైసగేర్ బృందం చూపింది. అక్కడ చుట్టూ కాల్చి గిరిగీయాలి. చిక్కేమంటే ఎడమ కర్ణికకు సరిగ్గా వెనుకనే అన్నవాహిక ఉన్నది. వేడి దానికి తగిలితే ప్రాణాపాయం. 2023 చివర, 2024 మొదట్లో అమెరికాలో అనుమతి వచ్చిన పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్‌లో వేడి ప్రధానం కాదు. సెకనులో పదిలక్షల వంతుల్లో లెక్కించే విద్యుత్ తాకిళ్లతో కణాల పొరలకు తూట్లు పొడుస్తారు. గుండె కండ కణాలు ఆ తాకిడికి ముందుగా లొంగిపోతాయి, అన్నవాహిక చాలామటుకు తట్టుకుంటుంది. అపాయం లేనిదా అంటే కాదు. ఎర్రకణాలు చితకడం, ధమని బిగుసుకోవడం వంటివి దీనికీ ఉన్నాయి.

చేతిగడియారాల సంగతి ఒకటి చెప్పాలి. అమెరికాలో ఉండే మనవళ్లు తాతలకు పంపే ఆపిల్ గడియారం 2018 నుంచి ఈసీజీ తీస్తున్నది. కర్ణికల రెపరెపను పసిగట్టడంలో దాని ఉపకారం నిజమే. గుండెపోటును అది కనిపెట్టలేదని ఆ కంపెనీయే చెప్తుంది. మరి ఛాతీలో నొప్పి వచ్చిన పెద్దాయన గడియారం వేపు చూసి, "సైనస్ రిథమ్" అని కనబడగానే నిశ్చింతగా పడుకుంటే? పైపుల జబ్బు, వైర్ల జబ్బు అనే తేడా తెలియనివాడి చేతికి ఈ గడియారం మేలుతో పాటు కీడు కూడా.

వీటిలో అనేకం లక్షల్లో మాట. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన నాటి నుంచి సాధారణ పేస్‌మేకరు పేదవాడికి అందుబాటులోకి వచ్చింది. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. అది మెచ్చదగిన పని. కాని తీగెలేని పేస్‌మేకరు గురించి పత్రికలో వచ్చే రంగుల ప్రకటన చూసి, ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి అదే కావాలనేవారినీ చూశాను. రెండు గదులకూ సంకేతం కావలసిన రోగికి ఒక్క గదిలో పెట్టే తీగెలేని యంత్రం తగినది కాకపోవచ్చు. ఆ సంగతి అతడికి అతడి భాషలో చెప్పేవారెవరు?

కొత్త యంత్రమే సర్వస్వం కాదనడానికి మన ఊరి ఉదాహరణే ఉన్నది. ఇక్కడి కేర్ ఆసుపత్రిలో డాక్టర్ కాలంబూరు నరసింహన్ బృందం, జఠరికల వేగంతో వచ్చిన కొందరు రోగులను పరిశీలించి 2011లో ఒక వ్యాసం ప్రకటించింది. గుండె బలం తగ్గకుండానే లయ తప్పిన ఆ రోగుల్లో ఛాతీలోని గ్రంథులు వాచి ఉండటం గమనించి, ముక్క తీసి పరీక్షిస్తే, క్షయ వల్లనో సార్కాయిడోసిస్ వల్లనో గుండె కండలో కణుతులు ఏర్పడ్డాయని తేలింది. షాకిచ్చే యంత్రం ప్రాణం కాపాడుతుంది, మూలాన్ని తీసేయదు. మూలానికి మందులున్నాయి. క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో ఆ దృష్టి ఉండాలి. ఇక్కడి రోగి ఒంటిని ఇక్కడి వైద్యుడు చదివిన తీరు అది. రోగి మాటను కూడా అట్లాగే చదవమని నా విన్నపం.

"వైద్యం తెలుగులో సాధ్యమా?" అని నవ్వేవారికి ఈ పేట చరిత్రే జవాబు. రెసిడెన్సీ సర్జను పర్యవేక్షణలో 1846లో మొదలైన వైద్య పాఠశాలలో ఆదిలో పాఠాలు ఉర్దూలోనే. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో దారుల్ తర్జుమా అనే అనువాదశాల పెట్టి శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి దింపారు. ఆ చదువు చదివినవారు మంచి వైద్యులే అయ్యారు. తెలుగు విషయానికొస్తే, మా సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో పుట్టింది. దానిని నిలబెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారే 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్రతో పాటు ప్రకృతిశాస్త్రాలను తెలుగులో రాయించి అచ్చువేశారు. నిజాం రాజ్యంలో తెలుగు బడికే దిక్కులేని రోజుల్లో చేసిన పని అది.

మాటలు లేకనా అంటే, అదీ కాదు. తెలుగు మాధ్యమంలో చదువుకున్న ఇంటర్మీడియట్ పిల్లలకు కర్ణిక, జఠరిక, సిరాకర్ణికా కణుపు, లయారంభకం అన్నీ వచ్చు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ పిల్లవాడే వైద్యుడయ్యాక ఆ మాటలు గాలికి పోతాయి. నేను పండితుణ్ణే గాని పంతగాణ్ణి కాను. పేస్‌మేకరును లయారంభకమనమని రోగిని వేధించను. పేస్‌మేకరు, ఈసీజీ, షాకు, స్టెంటు తెలుగు మాటలైపోయాయి, ఉండనివ్వండి. వైరు తెగింది అన్న వైద్యురాలి మాట నా లయారంభకం కన్న వెయ్యిరెట్లు మేలు. కావలసింది జబ్బులను విడదీసి చెప్పడం. ధమని మూసుకుంటే గుండెపోటు. సంకేతం తెగితే వైరు తెగడం, దానిని బ్లాకు అనవద్దు. కర్ణికలు అదుపు తప్పితే గుండె రెపరెప. జఠరికలు వణికి నెత్తురు తోయకపోతే గుండె ఆగడం. పత్రికలవారు ఏది జరిగిందో తెలియనప్పుడు "హఠాన్మరణం" అని రాస్తే చాలు. ఆ మాటకు ఏ లోపమూ లేదు.

ఆసుపత్రులు చేయదగిన పని కూడా ఒకటున్నది. సంతకం పెట్టించే కాగితానికి ముందు ఒక్క పుట, పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. మీ జబ్బు గొట్టాలదా, తీగెలదా. ఏ యంత్రం, ఎన్నేళ్లు నడుస్తుంది, ఎన్ని నెలలకు చూపించాలి. సెల్‌ఫోను చొక్కా ఎడమ జేబులో పెట్టుకోవచ్చునా. చివరగా, ఎవరూ పెదవి విప్పని ఒక సంగతి: మనిషి పోయాక దహనానికి ముందు పేస్‌మేకరు తీసివేయాలి, లేకుంటే చితిలో అది పేలుతుంది. అశుభమని ఇంటివారు అడగరు, వైద్యుడు చెప్పడు. బతికుండగా కాగితం మీద చదివితే అందులో అశుభం ఏముంటుంది? అట్లా తీసిన యంత్రాలను శుద్ధిచేసి, కొనలేని రోగులకు వాడవచ్చునని ముంబయి వైద్యులతో కలిసి చేసిన అధ్యయనం ఒకటి 2012లో వెలువడింది కూడా.

వైద్యులకు తీరిక లేదంటారు. నిజమే, ఓపీలో వందమంది ఉంటారు. మా మాస్టారికి పట్టింది రెండు నిమిషాలు. అవి దొరకక పోగొట్టుకున్నది ఎనిమిది నెలల మాత్రలు, ఒక యాంజియోగ్రాం, ఒక తుంటి.

వీధిలో గుండె ఆగినవాడి విషయంలో ఆ రెండు నిమిషాలూ ఉండవు. షాకు ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గుతుందని లెక్క. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న ఈ నగరంలోనే మొదలైంది. అది ఎంత తొందరపడినా సాయంకాలం కోఠి చౌరస్తా దాటాలి గదా. అందుకే ఛాతీ నొక్కడం నేర్పే శిబిరాలూ, జనం తిరిగే చోట్ల గోడకు తగిలించే ఏఈడీ అనే షాకు పెట్టెలూ కావాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చిలో ఆ పని ఆరంభించింది. ఆ పెట్టె మూత తెరవగానే ఏం చేయాలో తానే పలుకుతుంది. భాష ఎంచుకునే వీలున్న పెట్టెలు కూడా ఉన్నాయి. బజారులో కుప్పకూలిన మనిషి పక్కన అప్పుడు ఉండేది పూలమ్మే ఆమె, ఆటో నడిపే అతను, చీరల దుకాణంలో పనిచేసే కుర్రవాడు. కనుక కొనేవారు కొనేముందే అడగాలి: ఇది తెలుగులో పలుకుతుందా, ఉర్దూలో పలుకుతుందా అని. పలకవలసినవి పట్టుమని పది వాక్యాలు లేవు. చొక్కా తీయండి. అట్టలు ఛాతీకి అంటించండి. ఎవరూ తాకవద్దు. ఇప్పుడు షాకు ఇస్తున్నాను. ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి.